మూడువందల పన్నెండు కిటికీలు

గురువారం పొద్దున ఫ్యాక్సు వచ్చేసరికి బ్లందీన్ పెరాషోన్ ఒక వంటింటి కిటికీకి వెలుగు సర్దుతోంది. తెర మీద ఆ కిటికీ బొటనవేలి గోరంత ఉంటుంది. అయినా అందులో దీపం స్టవ్ పక్కన ఉందా, బల్ల మీద ఉందా అన్నది చూసేవాడికి తెలియాలని ఆమె పట్టుదల. నాటకశాలల్లో పందొమ్మిదేళ్లు వేదిక పైన కట్టిన పలకల మీద నిలబడి దీపాలు వేసిన మనిషి. నలభయ్యో ఏట ఈ కంప్యూటరు ఆటల తయారీలోకి వచ్చింది. వచ్చి పద్నాలుగు నెలలైంది.

ఆటలో లూస్ అనే పిల్ల చీకటి ఊళ్లో తప్పిపోతుంది. ఎన్ని ప్రాణాలు మిగిలాయో చెప్పే గీత లేదు, పటం లేదు, ఎటు వెళ్లాలో చెప్పే గొంతు లేదు. కిటికీల్లో దీపాలుంటాయి. ఎడమచేత్తో మీటలు నొక్కి నడుస్తూ, కుడిచేతి మౌసుతో పిల్ల తల పైకెత్తి, దీపమున్న వైపు సాగిపోవాలి. అంతకుమించి ఏమీ లేదు. అలాంటి ఆట ఇంతకుముందు ఎవరూ చేయలేదని లియోన్ అనే ఫ్రెంచి ఊళ్లోని ఆ స్టూడియోలో పద్దెనిమిది మందీ నమ్ముతారు. ఆ కిటికీలు మొత్తం మూడువందల పన్నెండు, అన్నీ బ్లందీన్ వెలిగించినవే.

స్టూడియో యజమాని రెజిస్ ఫావ్రో కాఫీ యంత్రం దగ్గర నిలబడి ఫ్యాక్సు పైకి చదివాడు. ఆటకు పెట్టుబడి పెట్టి అమెరికాలో అమ్మబోయే కంపెనీ మినియాపొలిస్‌లో ఇరవై నాలుగు మందిని కూర్చోబెట్టి ఆడించి చూసింది. ఇరవై ఒక్కరు మొదటి వంతెన దాకా కూడా రాలేదు. అందరూ నేలచూపులు చూస్తూ గోడలకు గుద్దుకున్నారు. కిటికీలు ఎవరి కంటా పడలేదు. కాబట్టి తెర పైన దారి చూపే బాణం పెట్టండి, సోమవారం మా మనిషి వస్తుంది, బాణమున్న ఆట ఆమెకు చూపించండి, అని ఉంది.

బొమ్మలు గీసే అతనొకడు, అమెరికావాడికి బాణం గుర్తు లేనిదే తన ఇంట్లో ఫ్రిజ్ కూడా దొరకదన్నాడు. అందరూ నవ్వారు. బ్లందీన్ కూడా కొంచెం నవ్వింది. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్నట్టు, ఆ కాగితాన్ని అక్కడ ఒక్కరూ అనుమానించలేదు. అనుమానించడానికేముంది, అది వాళ్లు ముందునుంచీ నమ్మిన మాటే. చెయ్యిపట్టి నడిపించనిదే అమెరికావాళ్లు అడుగు వెయ్యరని లియోన్‌లో అనుకుంటారు. ఎవరికీ అర్థం కానిదే గొప్పదని ఫ్రెంచివాళ్ల నమ్మకమని మినియాపొలిస్‌లోనూ అంత ధీమాగానే అనుకుంటారు.

పదకొండు గంటలకు రెజిస్ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. కూర్చోలేదు.

"కిటికీలు ఆర్పెయ్ బ్లందీన్. బాణం వచ్చాక వాటితో పనేముంది? ఊరికే యంత్రానికి బరువు."

"అన్నీనా?"

"అన్నీ. సోమవారంలోగా."

తప్పు చేశాడో లేదో అడక్కుండానే పిల్లవాణ్ని బడినుంచి వెళ్లగొట్టినట్టుంది ఆమెకు. వాళ్లు ఆడినప్పుడు తీసిన టేపులు పంపారా అని అడిగింది. పంపారు, డబ్బా నిండా ఆరు టేపులు, ఎవరూ విప్పలేదు. కాగితం ఉండగా టేపులెందుకన్నాడు రెజిస్. పైగా అమెరికా టేపులు మన వీడియోలో రంగుల్లో రావు, ఉత్త నలుపూ తెలుపే. కావాలంటే తీసుకుపొమ్మన్నాడు.

*

శుక్రవారం ఆమె ఎడమపక్కన పాత టీవీ పెట్టుకుని పనికి కూర్చుంది. నాటకశాల అలవాటు ప్రకారం ప్రతి కిటికీకీ నోటుపుస్తకంలో ఒక నెంబరు ఉంది. పక్కనే పెన్సిలుతో దాని వెలుగు ఎంతో, రంగేమిటో, ఏ మూలనుంచి పడుతుందో రాసుకుంది. ఒక కిటికీని ఎంచుకోవడం, దాని వెలుగును సున్నాకు దించడం, గోడ మీద పడ్డ వెలుగు మరక పోయిందో లేదో చూడటం, భద్రపరచడం, పుస్తకంలో ఇంటూ గుర్తు పెట్టడం. మందులషాపు పైన అంతస్తు, ఆరింది. కుట్టుపనామె గది, ఆరింది. బల్ల మీద దీపం ఉందా స్టవ్ పక్కన ఉందా అని నిన్న ఆలోచించిన వంటిల్లు కూడా ఆరిపోయింది.

పక్కన టేపు నడుస్తోంది. తెర నిండా ఆట, కింద కుడిమూల చిన్న చదరంలో ఆడేవాళ్లు, తల నుంచి చేతుల దాకా. బూడిదరంగు బొమ్మలో కిటికీలన్నీ గోడల్లో కలిసిపోయాయి. ఆమె పెట్టిన పసుపు లేదు, నారింజ లేదు. చూడటానికి వెలుగే లేకపోయేసరికి ఆమె చూపు మూలనున్న చేతుల మీద పడింది. పడ్డాక అక్కణ్నుంచి కదల్లేదు.

రెండు జడల అమ్మాయి ఒకతి. మొదట కుడిచెయ్యి మౌసు మీదే ఉంది. పిల్ల నాలుగడుగులు నడిచింది, ఆగింది. అమ్మాయి ఎడమచేతి వేళ్లు ఒకదాని మీదొకటి ఎక్కాయి. అప్పుడు కుడిచెయ్యి మౌసు వదిలేసి సాయానికి వచ్చింది. ఇక తిరిగి వెళ్లలేదు. గడ్డమాయన కూడా అంతే. బేస్‌బాల్ టోపీ పెట్టుకున్న ముసలాయన అయితే రెండు చూపుడువేళ్లతో కోడి గింజలు ఏరినట్టు పొడుస్తున్నాడు. బ్లందీన్ కిటికీలు ఆర్పే పుస్తకంలోనే వెనక పేజీ తీసి గీతలు పెట్టడం మొదలెట్టింది. కుడిచెయ్యి మౌసును వదిలిన ప్రతి మనిషికీ ఒక గీత. ఒంటిగంటకు పదిహేడు గీతలయ్యాయి.

ఆ స్టూడియోలో మధ్యాహ్నం అందరూ కలిసి భోజనం చేస్తారు. బల్ల దగ్గరికి రాని మనిషికి జ్వరమైనా వచ్చి ఉండాలి, ఉద్యోగం మానేయాలనైనా అనుకుని ఉండాలి. ఆ రోజు బ్లందీన్ రాలేదు గనక భోజనమయ్యాక ప్రోగ్రాము రాసే నాసిర్ బెల్కాసెమ్ ఒక పళ్లెంలో సాసేజి పెట్టి కాల్చిన రొట్టెముక్క తెచ్చాడు. బాణం గీసే పని అతనికే పడింది. గీస్తున్నంతసేపూ దాన్ని బూతులు తిడుతూనే ఉన్నాడు.

"మహారాణిగారు నిరాహారదీక్షలో ఉన్నారని విన్నాను," అన్నాడు.

"కూర్చో. ఇది చూడు." ఆమె టేపు వెనక్కి తిప్పింది. తన కీబోర్డు మీద చేతులు పెట్టి, జడల అమ్మాయి వేళ్లు ఎక్కడుంటే తన వేళ్లూ అక్కడే పెట్టింది. నాటకంలో ఒకరి నడక ఇంకొకరు నేర్చుకునేది ఇలాగే. "ముందుకు నడవడానికి నేను ఏ మీట నొక్కుతున్నాను?"

నాసిర్ వంగి చూశాడు. "కింది వరసలో మొదటిది. డబ్ల్యూ."

"ముందుకు వెళ్లేది జెడ్ కదా?"

"జెడ్డే. ఎస్ పైన ఉంటుంది."

"మరి ఈ పిల్ల డబ్ల్యూ నొక్కితే నడుస్తోందేం?"

నాసిర్ ఆమె పళ్లెంలోంచి తుంచుకున్న ముక్క నోట్లోనే ఉండిపోయింది. తెర చూశాడు, ఆమె వేళ్లు చూశాడు. తర్వాత నెమ్మదిగా, వాళ్లమ్మ వింటే చెంప పగలగొట్టే మాట ఒకటి అన్నాడు.

అతను చెప్పింది ఇదీ. ఫ్రెంచి కీబోర్డులో జెడ్, క్యూ, ఎస్, డి మీటలు ఎడమచేతి వేళ్ల కింద కూడిక గుర్తులా కుదురుగా ఉంటాయి. కళ్లు పెట్టి చూడక్కర్లేదు. అమెరికా కీబోర్డులో కొన్ని అక్షరాల చోట్లు వేరు. అక్కడ జెడ్ కింది వరసలో, క్యూ పై వరసలో. యంత్రం అక్షరం చూస్తుంది గానీ చోటు చూడదు. ముందుకు జెడ్, ఎడమకు క్యూ అని ఇంగ్లీషులో కాగితం రాసి డిస్కుతోపాటు పంపింది తనే. ఆ ఇరవై నాలుగు మందీ పాపం బుద్ధిగా ఆ కాగితంలో ఉన్నట్టే చేశారు.

"వాళ్లకి దీపాలు కనపడకపోవడం కాదు," అంది బ్లందీన్. "తలెత్తడానికి చెయ్యి ఖాళీ లేదు."

ఇద్దరూ రెజిస్ దగ్గరికి వెళ్లారు. అతను అప్పటికే అమెరికావాళ్లకు బాణం ఒప్పుకుంటున్నామని జవాబు పంపేశాడు. పంపేశాక ఇక తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఎదురుగా వెలుగుతున్న కిటికీని చూడలేనివాళ్ల కోసం మీరు మీటల సంగతి మాట్లాడుతున్నారా అన్నాడు. ఇప్పుడు తప్పు మాదే అంటే వాళ్లు పెట్టుబడే వెనక్కి తీసుకోవచ్చన్నాడు. పద్దెనిమిది మంది జీతాలున్నాయన్నాడు. ఆ మాటకు నాసిర్ తల దించుకున్నాడు.

బ్లందీన్ తిరిగొచ్చి మిగిలిన కిటికీలు ఆర్పింది. చెప్పిన పని చెయ్యకుండా ఇంటికి వెళ్లడం ఆమెకు చేతకాదు. సాయంత్రానికి పుస్తకంలో మూడువందల పన్నెండు ఇంటూలూ పూర్తయ్యాయి. లూస్ నిలబడ్డ వీధి చిమ్మచీకటి. ఆ చీకటి వైపు ఆమె కొంచెంసేపు చూసి, టేపుల డబ్బా నాసిర్ బల్ల మీద పెట్టింది. కిటికీలు ఆర్పకముందు అమెరికాకు పంపిన పాత డిస్కుకు ఇంకో ప్రతి ఉందా అని అడిగింది. సొరుగులో ఉందన్నాడు.

*

సోమవారం వచ్చిన మనిషి పేరు లొరెట్టా ఆస్ట్రమ్. అరవైకి దగ్గర వయసు, తెల్లజుట్టు, మంచులో నడవడానికి వేసుకునే మొద్దు బూట్లు. అంతకుముందు బడిపిల్లలకు పాఠాలు చెప్పేదట, అప్పుడు నేర్చిన ఫ్రెంచి ఒక్కో మాటా ఏరి పేర్చినట్టు మాట్లాడుతుంది. పొద్దున్నే పద్దెనిమిది మందితోనూ వరసగా చెయ్యి కలపాలని ఎవరో చెప్పినట్టున్నారు, ఒక్కరినీ వదలకుండా కలిపింది.

రెజిస్ ఆమెకు కొత్త ఆట చూపించాడు. చీకటి వీధి, తెర పైన తెల్లటి బాణం. బాణం ఎటు తిరిగితే లూస్ అటు నడిచింది. నాలుగు నిమిషాల్లో వంతెన వచ్చేసింది. లొరెట్టా తలూపింది. బాగుందనలేదు, బాగాలేదనలేదు. తన పుస్తకంలో ఏదో రాసుకుంది. రాసుకుంటుంటే ఆమె మొహంలో సంతోషమేమీ లేదని బ్లందీన్‌కు అనిపించింది.

అప్పుడు నాసిర్ లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మేడమ్, ఒక్క పది నిమిషాలు. మీరు ఆడించిన డిస్కే ఇది. రెజిస్ ఈ ఊళ్లో కళ్లు మూసుకుని నడుస్తాడు. ఆయన ఆడితే మీరు చూడండి."

రెజిస్ చూసిన చూపుకు ఇంకొకడైతే కూర్చునేవాడు. అతిథి ముందు కాదనడం మర్యాద కాదు గనక రెజిసే కూర్చోవలసి వచ్చింది. ఆ యంత్రాన్ని నాసిర్ పొద్దున్నే అమెరికా పద్ధతికి మార్చి ఉంచాడు. కాఫీ చెంచాతో మీటల మీది బిళ్లలు పెకిలించి, అమెరికాలో ఎక్కడుంటాయో అక్కడ పెట్టాడు. పక్కన తాను రాసిన కాగితమే పెట్టాడు. ముందుకు జెడ్, ఎడమకు క్యూ.

రెజిస్ వేళ్లు అలవాటైన చోటికి వెళ్లాయి. లూస్ కదల్లేదు. కాగితం చూశాడు, మీట వెతికాడు, పిల్ల రెండడుగులు వేసింది. ఎడమకు తిరగబోతే వేలు పై వరసకు ఎక్కాలి, ఎక్కితే కింది మీట వదిలిపోయింది. అర నిమిషం ఓర్చుకున్నాడు. తర్వాత అతని కుడిచెయ్యి, ఎవరూ చెప్పకుండానే, మౌసు వదిలి ఎడమచెయ్యి సాయానికి వచ్చింది. తెర మీద లూస్ తల వాలిపోయింది. రాళ్లు పరిచిన నేల, ఒక మురుగుతూము మూత, మళ్లీ నేల. తాను గీసిన ఊళ్లో, తాను కట్టిన ఫౌంటెను గోడకు రెజిస్ మూడుసార్లు గుద్దుకున్నాడు.

ఎవరూ నవ్వలేదు. లొరెట్టా తెర వైపు చూడటం లేదు, అతని చేతులనే చూస్తోంది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆరు రోజులు," అంది. "ఆరు రోజులు నేను వాళ్లకు కనపడకుండా అద్దం వెనక కూర్చున్నాను. వాళ్ల మొహాలు చూశాను, విసుగు పడితే రాసుకున్నాను. చేతులు చూడలేదు." పుస్తకం మూసేసింది. "మీటలు ఇంత కష్టంగా ఉన్నాయేమిటని ఒకసారి అనిపించింది కూడా. ఫ్రెంచివాళ్లు కదా, కావాలనే చేసి ఉంటారనుకున్నాను."

రెజిస్ కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మొహం జేవురించింది. అబద్ధమాడే మనిషి కాదు, కాకపోతే నిజం చెప్పడానికి కొంచెం టైము పడుతుంది.

"మేమూ అంతే మేడమ్. అమెరికావాళ్లు కదా, బాణం లేనిదే నడవలేరనుకున్నాం. ఈమె శుక్రవారమే చెప్పింది. నేను వినలేదు."

నాసిర్ యంత్రాన్నీ బిళ్లల్నీ మళ్లీ ఫ్రెంచి పద్ధతికి మార్చాడు. లొరెట్టా తనే ఆడింది. ఆటలు ఆడించడమే గానీ ఆడటం పెద్దగా అలవాటు లేదట. అయినా రెండో నిమిషానికి లూస్ తల పైకి లేచింది. మందులషాపు పైన పసుపు వెలుగు చూసి అమెరికా ఆవిడ ఓహ్ అంది, చాలా చిన్నగా. బ్లందీన్ పద్నాలుగు నెలల కష్టానికి ఆ ఒక్క ఓహ్ చాలు. పదకొండు నిమిషాల్లో వంతెన చేరింది. మధ్యలో చేపలబజారు కూడలిలో మాత్రం మూడుసార్లు గుండ్రంగా తిరిగింది. ఎందుకు తిరిగారని బ్లందీన్ అడిగితే, ఏమో, అన్నీ బాగున్నాయి, ఎటు వెళ్లాలో తెలియలేదంది. బ్లందీన్ దాన్ని పుస్తకంలో రాసుకుంది.

అమెరికా మీటలకు సరిచేసిన కొత్త డిస్కు బుధవారం మధ్యాహ్నం విమానంలో తనతో తీసుకువెళ్తానంది లొరెట్టా. మళ్లీ ఇరవై నాలుగు మందిని ఆడిస్తుంది. బాణం ఉండాలా వద్దా అన్నది ఆ కొత్త డిస్కు చూశాక చెప్తుంది.

ఆమె హోటలుకు వెళ్లాక రెజిస్ రెండు కాఫీలు తెచ్చి ఒకటి బ్లందీన్ ముందు పెట్టాడు. అతను ఒకరికి కాఫీ తేవడం ఆ స్టూడియోలో ఎవరూ చూసి ఎరగరు.

"అన్నీ మళ్లీ వెలిగించు," అన్నాడు. "ఒక్కటి కూడా తగ్గకూడదు."

*

మంగళవారం డిసెంబరు ఎనిమిది. ఆ రోజు లియోన్‌లో ప్రతి ఇంటి కిటికీలోనూ దీపాలు పెడతారు. గీతల గాజుగ్లాసుల్లో పొట్టి కొవ్వొత్తులు, కిటికీ గట్టు వెడల్పునా వరసగా. బ్లందీన్ వాళ్లమ్మ పెట్టేది, వాళ్లమ్మమ్మ పెట్టేది. ఆటలో కిటికీలు ఎక్కణ్నుంచి వచ్చాయని ఈ ఊళ్లో ఎవరూ అడగలేదు.

నాలుగున్నరకే చీకటి పడుతోంది. అందరూ పనులాపి స్టూడియో కిటికీల్లో గ్లాసులు సర్దుతున్నారు. మనవరాలికి పట్టు కండువా కొనాలని లొరెట్టా బయల్దేరింది. ఆరింటికల్లా రండి, గులాబిరంగు బాదం తీపిరొట్టె ఉందన్నారు. అడ్రసు కాగితం ఇవ్వబోతే రెజిస్ చెయ్యి ఊపేశాడు.

"కాగితమెందుకు మేడమ్? మా కిటికీల్లో దీపాలుంటాయి. చూసుకుంటూ వచ్చెయ్యండి."

ఆరైంది, ఆరున్నరైంది. ఏడుంబావుకు మెట్ల మీద మొద్దు బూట్ల చప్పుడు వినిపించింది. లొరెట్టా ముక్కు ఎర్రగా ఉంది, కండువా పొట్లం చంకలో ఉంది, కోపానికీ నవ్వుకీ మధ్య ఎక్కడో ఉంది ఆవిడ.

"కిటికీల్లో దీపాలుంటాయన్నారు," అంది రెజిస్‌తో. "ఏ కిటికీలో లేవండీ?"

పద్దెనిమిది మందిలో పదిహేడుగురు పడీపడీ నవ్వారు. నాసిర్ అయితే నేల మీద కూలబడ్డాడు. పుట్టినప్పటినుంచీ ఈ ఊళ్లోనే ఉన్నవాళ్లకు తప్ప ఇంకొకరికి అలాంటి అడ్రసు చెప్పాలని తోచదు.

బ్లందీన్ నవ్వలేదు. రొట్టె కోస్తున్న కత్తి ఆగిపోయింది.

"మరి ఎలా కనుక్కున్నారు?" అని అడిగింది.

"మీ పక్కింటి పై అంతస్తు ఒక్కటే చీకటిగా ఉంది. ఎవరూ ఉండరా అక్కడ? పొద్దున కిందినుంచి చూసినప్పుడు ఆ మూసిన కిటికీ తలుపులు గుర్తున్నాయి. వీధంతా వెలుగే, ఆ చీకటి ఒక్కటే కనపడింది. దాని పక్కకు వచ్చాను."

బ్లందీన్ అందరికీ రొట్టె పంచి, తన ముక్క పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. కొండ దిగువన సోన్ నది దాకా ఇళ్లన్నీ వెలుగుతున్నాయి. ఎంత అందంగా ఉందో, అందులో ఒక్క దారి కూడా కనపడటం లేదు. చేపలబజారు కూడలిలో తాను పదకొండు కిటికీలు వెలిగించింది. ఒక్కోటీ ప్రాణం పెట్టి వెలిగించింది. దేన్నీ వదులుకోలేకనే అన్నీ ఉంచేసిందని ఇప్పుడు తెలిసింది. పందొమ్మిదేళ్లు నాటకశాలలో, ముందు చీకటి చెయ్యండి, తర్వాత ఒక్క దీపం వెయ్యండి అని కుర్రవాళ్లకు తిట్టి మరీ నేర్పిన మనిషి ఆ సంగతి మర్చిపోయింది. తన మీద తనకే నవ్వొచ్చింది.

*

బుధవారం పొద్దున ఏడింటికల్లా ఆమె బల్ల దగ్గరుంది. ఊరు చిమ్మచీకటిగా, ఆర్పింది ఆర్పినట్టే ఉంది. పుస్తకం తెరిచి ఇంటూలను ఒక్కొక్కటే చెరిపింది, అన్నిటినీ కాదు. మందులషాపు పైన ఒకటి. మలుపు దగ్గర కుట్టుపనామె గది. చేపలబజారు కూడలిలో పదకొండుకు ఒకటి, స్టవ్ పక్కన దీపమున్న ఆ వంటిల్లు.

తొమ్మిదింటికి రెజిస్ వచ్చి ఆమె భుజం మీంచి తొంగిచూశాడు. పుస్తకం చూశాడు, తెర చూశాడు.

"నలభై ఒకటే ఉన్నాయి. ఇంకా రెండువందల డెబ్బై ఒకటి ఆరే ఉన్నాయి."

"ఉండనీ."

"అన్నీ వెలిగించమన్నాను కదా?"

"గురువారం ఆర్పమన్నావు. మిగతావాటికి ఆ మాటే బాగుంది."

అతను మౌసు అందుకుని కూడలి దాకా నడిచాడు. నడిచి, తలెత్తి, అక్కడే కాసేపు నిలబడ్డాడు. తర్వాత మౌసు ఆమె చేతికిచ్చి, నాసిర్‌ను డిస్కు తయారు చెయ్యమన్నాడు.

పదకొండింటికి లొరెట్టా పెట్టె పక్కన పెట్టుకుని, కోటు విప్పకుండానే ఆడింది. వెనక అందరూ గుమిగూడి తెర చూస్తున్నారు. బ్లందీన్ మాత్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆమె చేతులు చూసింది. మందులషాపు దాటింది. మలుపు తిరిగింది. చేపలబజారు వచ్చింది. ఎడమచేతి వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. కుడిచెయ్యి కొద్దిగా, చాలా కొద్దిగా, పైకి జరిగింది. వెంటనే ఎడమచెయ్యి మళ్లీ నడిచింది.

ఏడు నిమిషాల్లో వంతెన. లొరెట్టా తన పుస్తకం తీసి, బాణం అని రాసుకున్న చోట అడ్డంగా గీత కొట్టేసింది. మళ్లీ ఆడిస్తానన్నది ఆడిస్తానే, కానీ దీన్ని మాత్రం నేనిక అడగనంది. జనవరిలో అద్దం వెనక ఇంకో కుర్చీ వేయిస్తాను, మీరు రావాలంది బ్లందీన్‌తో. మొహాలు నేను చూస్తాను, చేతులు మీరు చూడండి.

బ్లందీన్ సరేనంది. లేవబోతే మోకాళ్లు పట్టేశాయి, రెజిస్ చెయ్యి అందించాడు. తెర మీద లూస్ ఇంకా వంతెన మీదే నిలబడి ఉంది. నది అవతల మొత్తం చీకటి. ఆ చీకట్లో, మెట్ల పైన ఒకే ఒక కిటికీ వెలుగుతోంది.